చుక్క పెట్టిన పంపు

కంప్రెసర్ పంపు ఇంకా నట్టింట్లోనే ఉంది.

నిన్న పొద్దున ఆడపడుచు దాన్ని గోనెసంచిలో చుట్టించి తెచ్చి, ఆటో అతని చేత దింపించింది. ఎక్కడ దింపిందో అక్కడే ఉంది. మూతలాంటి హెడ్డు రెండు ముక్కలైంది. సిలిండరు పైఅంచు ఒక పక్క విరిగి, పళ్ళూడిన నోరులా తెరుచుకుని ఉంది. ఇంట్లో అందరూ దాన్ని చుట్టి నడుస్తున్నారు గానీ ఎవరూ దానివైపు చూడటం లేదు. వంటింట్లోకి పోవాలన్నా గోడ వారగానే పోతున్నారు.

"పెళ్ళికూతుర్ని కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టింది," అంది అత్తగారు గొంతు తగ్గించి. "ఇక మేళగాళ్ళు రావడమే తక్కువ."

కోడలు నవ్వలేదు. అత్తగారు కూడా నవ్వించాలని అనలేదు. ఏడుపు వచ్చినప్పుడల్లా ఆవిడకు వెటకారం వస్తుంది.

ఆడపడుచు గుమ్మం పక్కన బల్ల మీద కూర్చుంది. రాత్రంతా ఆస్పత్రిలో భర్త మంచం పక్కన ఉండి, తెల్లవారాక తోడికోడల్ని అక్కడ కూర్చోబెట్టి మళ్ళీ వచ్చింది. ఆమె ముందున్న గ్లాసులో నిన్నటి నీళ్ళు అలాగే ఉన్నాయి. నలుసులు తేలుతున్నాయి. కోడలు ఆ నీళ్ళు పెరట్లో పారబోసి, గ్లాసు కడిగి, కొత్త నీళ్ళు తెచ్చి అక్కడే పెట్టింది.

"వదినా, ఒక్క గుక్క టీ అయినా తాగు. మొహం వాడిపోయింది."

"నాన్న చూసి చెప్పేదాకా ఈ ఇంట్లో పచ్చి మంచినీళ్ళు ముట్టనని చెప్పాను కదమ్మాయ్. నీ మీద కోపం కాదు. ఇలా వచ్చి కూర్చో."

కోడలు నేల మీద కూర్చుంది.

"అన్నయ్యగారికి ఎలా ఉంది?"

"పంపు పగిలి ముక్క తగిలిన ఎడమ కన్ను ఇక లేదన్నట్టే. కుడిదానికి భయం లేదన్నారు." ఆడపడుచు చీర కొంగు అంచును వేళ్ళకు చుట్టుకుంటూ, విప్పుతూ ఉంది. "నిన్న గ్లాసు అందుకోబోయి గాలిని పట్టుకున్నారు. ఒంటికంటికి దూరం తెలియదట. ఈ పంపు గాలితో బీరువాలకు రంగు కొట్టే మనిషి. రంగు చిమ్మే గన్ను జానెడు దూరంలో పట్టుకోవాలి, బెత్తెడు తేడా వస్తే రంగు కారుతుంది. ఇకమీదట ఎలా పడతారో ఏమో."

కోడలు ఆమె వేళ్ళకు చుట్టుకున్న కొంగును మెల్లగా విడిపించింది.

"ఆయన బాధ అది కూడా కాదు," అంది ఆడపడుచు. "పొద్దస్తమానం ఒకటే మాట. ఆ రోజు పంపులో ఆయిలు చూసుకున్నానా లేదా అని. చూసుకునే ఉంటానే అంటారు. కాసేపాగి, చూసుకోలేదేమోనే అంటారు. మీ నాన్న చుక్క పెట్టిన పంపు ఊరికే పగలదు, నేనే ఏదో చేసుంటాను అంటారు. కట్టు కట్టిన కన్నుతో నాకే సంజాయిషీ చెప్పుకుంటున్నారు. నేనేం చెప్పను? మీ తప్పు కాదు అని ఏ మొహంతో చెప్పను, నాకే తెలియకపోతే?"

అందుకే తెచ్చింది పంపుని. తిట్టడానికి కాదు, దెబ్బలాడటానికి కాదు. ఒక్క మాట కోసం. అది ఒరిజినలైతే నడిపిన మనిషిది తప్పు. డూప్లికేటైతే ఇచ్చిన ఇంటిది తప్పు. మంచం మీదున్న మనిషి ఏదో ఒకటి తెలిస్తే గానీ నిద్రపోడు.

ఆ చుక్క సంగతి ఈ వీధిలో తెలియనివాళ్ళు లేరు. పైదేశాల్లో వాడేసిన కంప్రెసర్ పంపులు ఇక్కడికి లాట్ల లెక్కన గుత్తగా వస్తాయి. వాటి మధ్యలో డూప్లికేట్లు కలిసి వస్తాయి. ఎక్కడో అచ్చు తీసి పోసిన కొత్త సరుకును ఇసుకతో రుద్ది, మురికినూనెలో ముంచి, వాడినవాటిలా చేసి పంపుతారు. రంగు అదే, రేకు మీద పేరూ అదే. పైకి చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు.

ఈ ఇంటి పెద్దాయన, కోడలి మామగారు, పైకి చూడరు. హెడ్డు విప్పించి, కళ్ళు మూసుకుని, చూపుడువేలు సిలిండరులోకి పోనిస్తారు. నిజంగా పనిచేసిన పంపులో పిస్టను ఆడినంత మేరా లోపలి గోడ అరుగుతుంది. పైన, పిస్టను చేరని చోట, అరగదు. ఆ రెంటికీ మధ్య వెంట్రుకవాసి గట్టు కడుతుంది. కంటికి ఆనదు గానీ వేలికి తగులుతుంది. "వాడింది పిస్టను ఆడిన చోటే అరుగుతుంది. రుద్దింది అంతటా అరుగుతుంది," అంటారు ఆయన. గట్టు తగిలితే మొనదేలిన ఉక్కు పంచ్ తీసుకుని, అంచు మీద సుత్తితో ఒక్క దెబ్బ. అదే చుక్క. వర్క్‌షాపుల వాళ్ళు వచ్చి ధర అడగరు, చుక్క ఉందా అని అడుగుతారు.

చుక్క పడిన పంపుని ఆ ఇంట్లో ఎవరూ మళ్ళీ విప్పి చూడరు. చూస్తే ఆయన మాట మీద నమ్మకం లేదన్నట్టు. కొడుకైనా అంతే, కోడలైనా అంతే.

నట్టింట్లో ఉన్న పంపుకి కూడా చుక్క ఉంది.

ఆడపడుచు మొహం కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళింది. అత్తగారు వంటింట్లో గిన్నెల మీద కోపం చూపిస్తోంది. కోడలు చీపురు తీసుకుని గది ఊడ్చింది. ఊడుస్తూ ఊడుస్తూ పంపు దగ్గరకు వచ్చి ఆగింది.

పెళ్ళై వచ్చిన నాటి నుంచి ఈ ఇంట్లో పంపులు కడిగేది ఆమే. పెరటి షెడ్డులో కిరసనాయిలు తొట్టి ముందు పీట వేసుకుని, విప్పిన భాగాలన్నీ బ్రష్షుతో రుద్ది ఆరబెడుతుంది. పెద్దాయన వేలు పెట్టి చూసేటప్పుడు పక్కన నిలబడి లైటు పట్టుకునేది కూడా ఆమే. ఆయన ఎన్నడూ నేర్పలేదు, ఆమె ఎన్నడూ అడగలేదు. అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టి చూసినట్టు, కడుగుతూ కడుగుతూ ఆమె వేలికే తెలిసిపోయింది. ఈ పంపు ఉన్న లాటు వచ్చినప్పుడు మాత్రం ఆమె పుట్టింట్లో ఉంది.

చీపురు కింద పెట్టి, విరగని పక్కన వేలు లోపలికి పెట్టింది.

గీతలు తగిలాయి. కింద ఎన్ని ఉన్నాయో పైన కూడా అన్నే. వేలు అంచుదాకా ఎక్కడా ఆగకుండా జారి బయటికి వచ్చేసింది. ఇంకోసారి, ఇంకాస్త నెమ్మదిగా పోనిచ్చింది. మళ్ళీ జారి వచ్చేసింది.

గట్టు లేదు.

కోడలు వేలిని కొంగుతో తుడుచుకుంది. తుడుచుకున్నాక కూడా తుడుస్తూనే ఉంది. పెరట్లో కొళాయి కట్టేసిన చప్పుడు వినిపించి, చీపురు అందుకుని మళ్ళీ ఊడ్చిన చోటే ఊడ్చింది.

తన వేలు తప్పు అయ్యుంటుంది, అనుకుంది. ఆయన వేలి ముందు తన వేలెంత. పైగా చెప్పాల్సింది ఆయన. ఇంటి పెద్ద ఉండగా కోడలు నోరు విప్పితే, పంపు కంటే ముందు ఇల్లు పగులుతుంది.

మధ్యాహ్నం కోడలి భర్త షాపు నుంచి అన్నానికి వచ్చాడు. చెప్పులు విప్పుతూ అక్కను చూసి, మళ్ళీ తొడుక్కుందామా అన్నట్టు ఒక్క క్షణం ఆగాడు.

"బావకెలా ఉందక్కా?"

"వెళ్ళి చూడొచ్చుగా."

"మొన్న వచ్చానుగా."

"వచ్చావు. గుమ్మంలో నిలబడి వెళ్ళిపోయావు. పోస్టుమేన్ నయంరా, పేరు పెట్టి పిలుస్తాడు."

అతను చేతులు కడుక్కుని కంచం ముందు కూర్చున్నాడు. కోడలు వడ్డించింది. అన్నం కలుపుతున్నాడు గానీ ముద్ద ఎత్తడం లేదు.

"ఎక్కడ కొన్నావురా దీన్ని?" అంది ఆడపడుచు.

"అన్నీ కొన్న చోటే. ఒకటే లాటు. నాన్న చూశాడు, చుక్క కొట్టాడు. అందులో శుభ్రంగా ఉన్నది ఏరి బావకిచ్చాను. రూపాయి కూడా తీసుకోలేదు."

"ఊరికే ఇచ్చేదే కదా, ఏదైతేనేంలే అనుకున్నావా?"

"అంత మాట అనకక్కా." అతని చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "బావకు అలాంటిది ఇస్తానా?"

"ఇవ్వవు. అదే నేనూ అనుకుంటున్నాను. నాన్న ఒక్కసారి వేలు పెట్టి ఆ మాటే చెప్తే లేచి వెళ్ళిపోతాను. దానికి నిన్నటి నుంచి ఏం అడ్డం వచ్చింది?"

"ఆయనకు ఒంట్లో బాగాలేదు."

"ఏం బాగాలేదు? పొద్దున ఇంత అన్నం తిన్నాడని అమ్మ చెప్పింది."

అతను అన్నాన్ని ఇంకోసారి కలిపాడు. "పగిలిపోయాక ఏం తెలుస్తుంది? వేడికి లోపలంతా మారిపోతుంది."

"ఎవరికిరా చెప్తున్నావు? నేను ఈ ఇంట్లో పుట్టలేదా? పగిలింది హెడ్డు. గోడ ఎక్కడికి పోతుంది?"

వంటింటి గుమ్మంలోంచి అత్తగారు అంది: "తినేవాణ్ణి తిననివ్వవే."

"తినమను. నేను వద్దన్నానా? మా ఇంట్లో కూడా ఒకాయన తింటున్నాడు. నోరెక్కడుందో తెలియక ముద్ద బుగ్గకు తగిలించుకుంటున్నాడు."

పెరటి షెడ్డులోంచి ఉప్పుకాగితంతో ఇనుము రుద్దుతున్న చప్పుడు వస్తోంది. పెద్దాయన నిన్నటి నుంచి అక్కడే ఉన్నారు. ఒకటే చక్రాన్ని రుద్దుతున్నారు. దాని తుప్పు నిన్ననే పోయింది.

అత్తగారు కొంగు బిగించి పెరట్లోకి వెళ్ళింది. మాటలన్నీ లోపలికి వినిపిస్తూనే ఉన్నాయి.

"ఏమండీ, కన్నకూతురు గుమ్మంలో పరాయిదానిలా కూర్చుంటే మీకు ముద్ద ఎలా దిగుతోంది?"

"చూసేదేముంది? చుక్క కొట్టాను కదా."

"కొట్టారు. ఆ మాటే వచ్చి చెప్పండి. మీ సొమ్మేం పోదు."

రుద్దుతున్న చప్పుడు మళ్ళీ మొదలైంది.

ఆడపడుచు లేచింది. గోనెసంచి దులిపి పంపు పక్కన పరిచింది. "సరే నాన్నా," అంది పెరటివైపు తిరిగి. అరవలేదు, అందరికీ వినపడేలా అంది. "నువ్వు చూడొద్దులే. బజారు చివర ముసలి మిస్త్రీ ఉన్నాడుగా, ఆయన దగ్గరికి పట్టుకుపోతాను. నీ చుక్క మీద ఆయన వేలు పెట్టి చెప్తాడు."

చప్పుడు ఆగిపోయింది.

పెద్దాయన లోపలికి వచ్చారు. పొడుగ్గా ఉండే మనిషి, గుమ్మం దగ్గర అలవాటుగా తల వంచారు. భర్త ఎంగిలిచేత్తోనే లేచాడు.

"నువ్వెందుకు నాన్నా? కూర్చో. నేను చూస్తాను."

"నువ్వు చూస్తే నాకక్కర్లేదు," అంది ఆడపడుచు.

"నాన్నా, వద్దు."

పెద్దాయన కొడుకు మొహంలోకి చూశారు. ఆ చూపు కోడలికి అర్థం కాలేదు. కోపం కాదు అది. బతిమాలుతున్నట్టుంది. ఆయన అలా చూడటం ఆమె ఎప్పుడూ ఎరగదు.

తర్వాత ఆయన పంపు ముందు గొంతుకూర్చున్నారు. ఎడమచెయ్యి నేల మీద ఆన్చారు. కళ్ళు మూసుకున్నారు. కుడిచేతి చూపుడువేలు సిలిండరులోకి పోనిచ్చి, అంచు వెంట చుట్టూ తిప్పారు. ఒక చుట్టు. ఇంకో చుట్టు. ఆడపడుచు ఊపిరి బిగబట్టి చూస్తోంది. కోడలి వేలు తనకు తెలియకుండానే కొంగులో కదులుతోంది.

"ఉంది," అన్నారు పెద్దాయన. "గట్టు ఉంది. ఒరిజినలే."

కళ్ళు తెరిచి, లేచి నిలబడ్డారు. మోకాళ్ళు చిటుక్కుమన్నాయి.

కోడలు తన వేలిమొనను బొటనవేలితో రుద్ది చూసుకుంది. పొద్దున రెండుసార్లు చూసింది. లేదు. ఆయనకు ఉందెలా? తన వేలే మొద్దుబారిందేమో. కిరసనాయిల్లో నానీ నానీ చర్మం చచ్చిపోయిందేమో.

ఆడపడుచు నెమ్మదిగా తల ఊపింది. అంతసేపూ నిటారుగా ఉన్న మనిషి, గాలి తీసిన ట్యూబులా కుంగిపోయింది.

"అయితే తప్పు ఆయనదే అన్నమాట," అంది. "సరే. అదే చెప్తాను. ఆయిలు చూసుకోలేదట మీరు అని చెప్తాను. తెలిసింది కదా, ఇక పడుకోండి అని చెప్తాను."

బల్ల మీదున్న గ్లాసు తీసుకుంది. నీళ్ళు గటగటా తాగలేదు. గుక్క గుక్కగా, మందు తాగినట్టు, అడుగుదాకా తాగింది. గ్లాసు పెట్టి, కొంగుతో మూతి తుడుచుకుని, తండ్రి కాళ్ళకు కాస్త దూరంలో నేలవైపు చూస్తూ ఉండిపోయింది.

"నాన్నా," అంది. "నీ చెయ్యి."

"ఏమైంది?"

పెద్దాయన ఎడమచెయ్యి ఎత్తి చూసుకున్నారు. ముందుకు తిప్పి, వెనక్కి తిప్పి చూశారు. అందులో ఏమీ లేదు.

నెత్తురు కుడిచేతి నుంచి కారుతోంది. విరిగిన అంచు మీద వేలు తిప్పినప్పుడు చూపుడువేలి మొన నిలువునా చీలింది. ఒంటి మీద చీమ పాకినా దులుపుకునే మనిషి, గచ్చు మీద మరక అరచెయ్యంత అయ్యేదాకా అలాగే నిలబడి కూతురితో మాట్లాడుతున్నారు.

ఎవరూ కదలకముందే భర్త కదిలాడు. ఎంగిలిచెయ్యి చొక్కాకు తుడుచుకుని, జేబులోంచి ఒక గుడ్డపీలిక తీశాడు. పాత దుప్పటి చింపి, అంచులు సమంగా కత్తిరించి మడత పెట్టిన పీలిక. తండ్రి మణికట్టు పట్టుకుని చెయ్యి పైకెత్తి, వేలికి కింది నుంచి బిగించి చుట్టి, చివర పంటితో చీల్చి ముడి వేశాడు. ఎక్కడా తడుముకోలేదు. అది మొదటిసారి కట్టే కట్టు కాదని చూసిన ఎవరికైనా తెలుస్తుంది.

అత్తగారు వంటింటి గుమ్మాన్ని పట్టుకుని నిలబడిపోయింది. ఆవిడకు వెటకారం రాలేదు.

"ఎన్నాళ్ళ నుంచిరా?" అంది ఆడపడుచు. తండ్రిని కాదు, తమ్ముణ్ణి అడిగింది.

అతను ముడిని ఇంకోసారి బిగించాడు. "పోయిన వానాకాలంలో మొదలైంది. మొదట తిమ్మిరి అన్నాడు. తర్వాత తర్వాత వేళ్ళ మొనలకు ఏదీ తెలియడం లేదు. ఎవరికీ చెప్పొద్దన్నాడు."

"వానాకాలం తర్వాతేగా ఈ పంపు ఇచ్చింది?"

"అవును."

"అయినా చుక్కలు కొట్టనిచ్చావు."

"కొట్టొద్దని ఎలా చెప్పనక్కా?" అన్నాడు అతను. "పొద్దున లేవగానే ఆ పంచ్ కోసం తడుముకునే మనిషికి, నీ వేలు పోయింది, ఇక కూర్చో అని ఏ నోటితో చెప్పను? అలవాటు కొద్దీ సరిగ్గానే చెప్తాడులే అనుకున్నాను. చాలాసార్లు సరిగ్గానే చెప్పాడు."

"చాలాసార్లు," అంది ఆడపడుచు. ఆ మాటను ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఇంకోసారి అంది. "చాలాసార్లు."

పెద్దాయన కట్టు కట్టిన వేలిని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూస్తున్నారు. "తగిలిందమ్మా," అన్నారు చిన్నగా. "నాకు తగిలింది. గట్టు ఉంది. అల్లుడికి చెడ్డపంపు ఎందుకిస్తానమ్మా నేను?"

ఉంది అనడానికి ఇక ఆయన మాట పనికిరాదు. లేదు అనడానికి ఆ ఇంట్లో మాట లేదు. ఆడపడుచు ఖాళీ గ్లాసు చేతిలోకి తీసుకుని, మళ్ళీ పెట్టేసింది. ఆస్పత్రికి వెళ్ళి చెప్పడానికి ఆమె దగ్గర ఇప్పుడు ఏమీ మిగల్లేదు.

కళ్ళు తుడుచుకుని కోడలివైపు తిరిగింది.

"నీకూ తెలుసా అమ్మాయ్?"

భర్త తల ఎత్తి భార్యను చూశాడు. వద్దన్నట్టు తల అడ్డంగా కదిలింది. కదిలీ కదలనట్టు, ఆమెకు మాత్రమే కనిపించేలా. ఆ చూపు ఆమె ఇందాకే చూసింది, పెద్దాయన కళ్ళలో.

కోడలు కొంగులోంచి చెయ్యి బయటికి తీసింది.

"వేళ్ళ సంగతి నాకు తెలియదు వదినా," అంది. "పంపు సంగతి తెలుసు."